బొట్టి ఒప్పుకోవాలి

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. కోవిల్‌పట్టిలో మందుల షాపులో రెండేళ్లు పనిచేసినవాడికి (అందులో ఏడాదిన్నర అట్టపెట్టెలు మోయడమే) ఆ మాత్రం గర్వం సహజం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది.

మా మేనమామది విరుదునగర్. ఆయన కూతుర్ని నాకివ్వాలన్న మాట ఎత్తిన రోజు అందరం వాళ్లింట్లోనే ఉన్నాం. మా అవ్వ (మామకూ మా అమ్మకూ తల్లి) శకునం చూడనిదే చెప్పులు కూడా వేసుకోదు. ఆ రోజు గోడమీది బల్లి పలకలేదు. "పిల్లను వీనికి ఇచ్చేదా అమ్మా?" అని మామ అడగ్గానే, అవ్వ ఒళ్లోని పిల్లి, బొట్టి, టపటపా తల అడ్డంగా ఊపింది. మామ మళ్లీ అడిగాడు. అది మళ్లీ ఊపింది. "సూడరా, వద్దంటాండాది," అని అవ్వ తేల్చేసింది. చిన్నప్పటినుంచీ మరదలే నా పెళ్లామనుకుంటున్న నేను ఆ పిల్లివైపు కొరకొరా చూశాను.

మరదలే బొట్టి చెవి మడిచి చూపించింది. లోపల కాఫీపొడి లాంటి నల్లటి మురికి, భరించలేని వాసన. "నెల దినాలుగా గీరుకుంటాండాది బావా. అవ్వ వెల్లుల్లి నూనె పోసినాక ఇంకా జాస్తి ఆయ."

అయితే అది శకునం కాదు, రోగం! నాకు ప్రాణం లేచొచ్చింది. బొట్టిని తువ్వాలులో చుట్టి పశువుల డాక్టరు దగ్గరికి మోసుకెళ్లాను (నా చేతిమీది గీతలు నేటికీ ఉన్నాయి). చెవిలో కంటికి ఆనని పురుగులు చేరాయి, పైగా చీము పట్టింది అన్నాడాయన. చెవులు తుడిచి, చుక్కల మందిచ్చి, మూడు వారాలు విడవకుండా వేయాలనీ, గోకడం తగ్గిందని ఆపితే లోపల మిగిలిన పురుగుల గుడ్లు పగిలి మళ్లీ మొదలవుతుందనీ హెచ్చరించాడు.

చుక్కలు వేసే పని మరదలిది, కనుక్కునే పని నాది. రోజూ సాయంత్రం షాపులోంచి ఫోను చేసేవాణ్ణి. కుడి చెవి ఎట్లా ఉంది? ఎడమది? వాసన తగ్గిందా? పదో రోజుకే గోకడం మానిందంటే, "ఆపొద్దు, ఆపొద్దు!" అని కేకలు పెట్టాను. ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని మా ఓనరు జాలిపడి నాకు టీ తెప్పించాడు.

మూడు వారాల తర్వాత మళ్లీ అందరం కూర్చున్నాం. మామ అడిగాడు. బొట్టి కదల్లేదు. కళ్లు మూసుకుని గురగురమంది. "సరి అంటాండాది!" అని అవ్వ చప్పట్లు కొట్టింది. మా అమ్మ పాల్కోవా పొట్లం విప్పింది.

అప్పుడు మరదలు తల అడ్డంగా ఊపింది.

"ఇన్ని దినాలు ఫోన్ చేస్తివి బావా," అంది, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే. "కుడి సెవి, ఎడమ సెవి అంటివి. నాకేమి కావాలని ఒక దినమన్నా అడిగితివా? నేను ఇంకా సదవాల. నాకు ఈ పెండ్లి వద్దు."

మామ కోపంగా లేచాడు. "ఇడుసు మామా, దాన్నేమీ అనొద్దు," అన్నాను. ఆ నెలంతా నేనన్న మంచిమాట అదొక్కటే. సాత్తూరు దాటేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను.

ఆమె ఇప్పుడు మదురైలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతోంది. నాకూ పెళ్లయింది, సుఖంగానే ఉన్నాను. ఫోను పట్టుకుని ఎడమ చెవి సంగతి అంత శ్రద్ధగా అడుగుతున్న ఆ ఇరవై మూడేళ్ల పెద్దమనిషి మీద నాకిప్పుడు కోపం లేదు. వాడి భుజం తట్టి, "ఒరేయ్, చెవుల మాట చాలు, ఆ పిల్లను అడగరా," అని చెప్పాలనిపిస్తుంది. వింటాడన్న నమ్మకం మాత్రం లేదు.