ఫొటో కోసం చాచిన చెయ్యి

నా ఒంట్లో తేడా ఉందని బయటపడిన రోజు నాకు ఏ బాధా లేదు. పొద్దున ఉప్మా తిని, రెండు ఛాయ్‌లు తాగి, నల్లగొండ నుంచి చౌటుప్పల్ దగ్గరి ఒక మందుల ఫ్యాక్టరీకి వార్త కోసం వెళ్లాను. అక్కడ ఉద్యోగులకు గుండె పరీక్షల శిబిరం. విలేకరిగా ఇలాంటి శిబిరాల గురించి ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను. ఒక్కదాంట్లోనూ చొక్కా చెయ్యి పైకి మడవలేదు.

క్యాంటీన్‌లో బల్లలు వేశారు. డాక్టరు, నర్సులు, ఈసీజీ మిషన్ అన్నీ సిద్ధం. కార్మికులు మాత్రం గోడవారగా నిలబడి చూస్తున్నారు. ఎందుకు రావడం లేదని ఒకతన్ని అడిగితే గొంతు తగ్గించి చెప్పాడు.

"బీపీ ఉన్నదని కాగితం మీద రాస్తే రేపు గేటు బయట నిలబెడ్తరు సార్. కాంట్రాక్టోళ్లం మేము."

మా ఫొటోగ్రాఫర్ జహంగీర్ తొందర వేరు. మధ్యాహ్నం లోపు ఫొటో పంపాలి, కుర్చీ చూస్తే ఖాళీ. పేషెంట్ దొరకనప్పుడు మాలోనే ఒకరం పేషెంట్‌లా కూర్చోవడం మా వృత్తిలో ఉన్న అలవాటు. మంచిది కాదని తెలుసు. అయినా చేసేవాళ్లం.

"అన్నా, జర నువ్వే కూసో. మొఖం రాదు, చెయ్యొక్కటే తీస్త," అన్నాడు.

కూర్చున్నాను. నర్సు చేతికి బీపీ పట్టీ కట్టింది. జహంగీర్ మూడు ఫొటోలు తీసి, "అయిపోయింది, లే," అన్నాడు. ఆ అమ్మాయి నా చెయ్యి వదల్లేదు.

"కూసోండ్రి సార్. నా పని కాలే."

"ఫొటో కోసమే కదమ్మా."

"ఫొటో మీకు. నాకు బీపీ కావాలె."

178/112 వచ్చింది. పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమంది. మళ్లీ చూస్తే 172/108. డాక్టరు వచ్చి తలనొప్పి ఉందా, ఛాతీలో బరువుందా, ఆయాసం వస్తుందా అని అడిగారు. అన్నిటికీ లేదన్నాను. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా అన్నారు. మా బాపు మా ఊరు కేతేపల్లిలో, యాభై రెండేళ్ల వయసులో, ఛాతీ పట్టుకుని కూలిపోయాడు. గ్యాస్ అనుకుని మేం సోడా తాగించాం. దవాఖాన చేరేలోపే పోయాడు. ఆ మాట చెబుతుంటే గుర్తొచ్చింది, నాకూ యాభై ఒకటి వచ్చాయని.

ఇంతలో క్యాంటీన్‌లో వంట చేసే యాదమ్మ గోడ దగ్గర నుంచి గట్టిగా అంది. "రిపోర్టర్ సారుకే ఉన్నదట! ఇగ మనకు లేకుంటదా?"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. డాక్టరు అదే అదనుగా మేనేజరును పిలిచి, ఎవరి చీటీ వాళ్ల చేతికే ఇస్తామని, ఆఫీసుకు పేర్లు పోవని అందరి ముందు చెప్పించారు. యాదమ్మే మొదట కూర్చుంది. ఆమెది 118/76.

"అయ్యో సారూ, మీరొక్కరే దొరికిన్రు!" అంది.

ఆమె వెనక వరస కట్టారు. సాయంత్రానికి నాకు తోడుగా బీపీ ఉన్నవాళ్లు ఇంకొందరు తేలారు.

ఆ రోజు తీసిన ఈసీజీలో పెద్ద తేడా లేదు. మర్నాడు నా భార్య సుజాతతో కలిసి నల్లగొండలో కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లాను. గుండెను స్కాన్ చేసే టూడీ ఎకో, కొలెస్ట్రాల్ చూసే లిపిడ్ ప్రొఫైల్, షుగర్ చేశారు. గోలీలతో బీపీ కొంత దిగాక టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష, చేస్తామన్నారు. రెండు వారాలు ఆ పరీక్ష కోసం ఎదురుచూడటమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. చివరికి డాక్టరు రిపోర్టులన్నీ ముందేసుకుని చెప్పారు.

"బ్లాక్స్ ఉన్నట్టు సూచనలేం లేవు. కానీ బీపీ చాలాకాలంగా ఉంది. గుండె కండరం కొంచెం మందమైంది. కొలెస్ట్రాల్ కూడా ఎక్కువే. సమయానికి వచ్చారు. రోజూ గోలీ వేసుకోండి, నడవండి, ఉప్పు తగ్గించండి."

బయటికి రాగానే సుజాత ఏడుస్తుందేమో అనుకున్నాను. "పచ్చడి జాడీకి ఇయ్యాల్టి సంది తాళమేస్త," అంది.

మూడు నెలల్లో బీపీ 124/80కి దిగింది. ఆ సంతోషంలో గోలీలు మానేశాను, ఎవరికీ చెప్పకుండా. వార్త అచ్చయ్యాక ఆ సంగతి మళ్లీ పట్టించుకోని విలేకరులు కొందరుంటారు. నా ఒంటి విషయంలో నేనూ ఆ బాపతే. నెల తిరక్కుండానే సుజాత గోలీల షీట్ నిండుగా ఉండటం చూసి పట్టుకుంది. చెక్ చేయిస్తే 166/104.

"ఊరందరికి రాస్తవు. నువ్వు రాసింది నువ్వు సదవవా?" అంది.

డాక్టరు కోప్పడలేదు. "నంబరు బాగైంది గోలీ వల్లనే కదండీ," అన్నారు. అంతకు మించి ఏం చెప్పాలి? మళ్లీ మొదలుపెట్టాను.

బాపు దాటలేని యాభై రెండేళ్ల వయసు నేను దాటిన రోజు సుజాత సేమియా పాయసం చేసింది. నాకు చిన్న గిన్నెడే పోసింది గానీ, ఆ రుచి ఇప్పటికీ నాలుక మీదుంది. మా పత్రిక ఆఫీసులోనూ ఏడాదికోసారి పరీక్షలు చేయించమని వెంటపడి ఒప్పించాను. మొదటిసారే జహంగీర్‌కు షుగర్ సరిహద్దులో ఉందని తేలింది. ఇప్పుడు రోజూ పొద్దున ఇద్దరం కలిసి నడుస్తున్నాం.

నేను చెప్పగలిగింది ఒక్కటే. మీరు పనిచేసే చోట పరీక్షలు పెడితే, బాగానే ఉన్నాం కదా అని దాటిపోకండి. కూర్చోండి. చీటీలో తేడా కనిపిస్తే ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి.

మొన్న పానగల్లు గుట్టవైపు ఎత్తు ఎక్కుతుంటే జహంగీర్ వెనక నుంచి కేకేశాడు. "అన్నా, జర ఆగు! గంత ఉరుకుడేంది? నీకు గోలీలిచ్చిన్రా, పెట్రోల్ పోసిన్రా?"

పైదాకా ఎక్కాకే ఆగాను. ఆయాసం లేదు. నవ్వాపుకోవడమే కష్టమైంది.