టీవీ నవ్వినప్పుడు నవ్వేవాళ్లం

మా ఆవిడా నేనూ అమెరికాలో మాస్టర్స్ చదివే రోజుల్లో ఇక్కడి కామెడీ సీరియల్ జోకులు మాకు అర్థమయ్యేవి కావు. టీవీలో జనం నవ్వగానే మేమూ నవ్వేవాళ్లం. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో కాపురం పెట్టాక కూడా ఆ అలవాటు పోలేదు. నా నవ్వు ఇప్పటికీ ఒక క్షణం లేటే.

మొన్న మా ఆవిడ ఉద్యోగం ఊడింది. తనకు దిగులు, నాకు దడ. హైదరాబాదులో ఉన్న వాళ్లక్కకు చెప్పడానికి తనకు నోరు రాలేదు. ఆ సాయంత్రం అన్నం తింటూ పెట్టిన ఎపిసోడ్‌లో తండ్రికీ ఉద్యోగం పోయింది. పిల్లలు భయపడకూడదని, ఆఫీసు నుంచి తెచ్చుకున్న అట్టపెట్టెను తలకు తొడుక్కుని ఇంట్లోకి వచ్చాడు. టీవీలో జనం గొల్లున నవ్వారు. నేను మాత్రం పెరుగు కోసం లేచాను, ఉప్పు కోసం లేచాను, చివరికి రిమోట్ కోసం లేచి చానెల్ మార్చేశాను.

"అయ్యో, ఎందుకు మార్చావ్? వాడు పెళ్లానికి ఎలా చెప్తాడో చూడనీ! కాసేపు కూర్చో బాబూ, నిన్ను చూస్తేనే టెన్షన్ వస్తోంది" అంది మా ఆవిడ.

మళ్లీ పెట్టాను. తండ్రి పెట్టె తీయకుండా లోపలి నుంచే భార్యకు చెప్పాడు. ఈసారి టీవీలో ఎవరూ నవ్వలేదు. మా ఆవిడ ఒక్కతే నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. తర్వాత ఎడమ చేత్తో ఫోన్ అందుకుంది.

"అక్కా, నా జాబ్ పోయిందే. ఆగు, ఏడవకు. ఇక్కడ మీ మరిది కంగారు చూస్తే నువ్వే నవ్వుతావ్."