పట్టపగలు వెలిగిన బల్బు

పోయిన వారం మా మధురవాడ అపార్టుమెంటుకి కొత్త మీటర్లు బిగించడానికి ఒకాయన వచ్చాడు. నా ఈడువాడే, యాభై దాటి ఉంటాడు. కింద సెల్లారులో వరసగా ఉన్న పాత మీటర్లను ఒక్కొక్కటీ ఊడదీసి గోనెసంచిలో పడేస్తున్నాడు. కూరలు కొనుక్కుని వస్తూ అక్కడ ఆగాను. ఆగకుండా ఉండడం నాకు చేతకాదు. ఆగాక ప్రశ్న అడక్కుండా ఉండడం అసలే చేతకాదు. "ఇకమీద రీడింగు తీయడానికి ఎవరొస్తారు?" అన్నాను. "ఎవులూ రారు మేడమ్. దాని మానాన అదే పంపిత్తాది," అన్నాడు. "ఇంట్లో మనుషులున్నారో లేదో ఎలా తెలుస్తుంది మరి?" అన్నాను. అతను స్క్రూడ్రైవరు ఆపి నా వంక చూసి, "మీటరుకి అదెందుకు మేడమ్?" అన్నాడు. మామూలుగా అయితే ఆ మాట మీద అరగంట వాదించేదాన్ని. ఆ రోజు ఓపిక లేకపోయింది. పైకొచ్చి, బెండకాయలు సంచిలోనే వదిలేసి కుర్చీలో కూలబడ్డాను. ఆయన అడిగిన దానికి జవాబు నా దగ్గర ముప్పై ఏళ్ళుగా ఉంది. చెప్పడానికే మొహం చెల్లదు.

మా అత్తవారి ఊరు విశాఖపట్నానికి గంటన్నర బస్సు ప్రయాణం, అందులో అరగంట డ్రైవరు టీ తాగడానికి. ఆ చుట్టుపక్కల ఐదూళ్ళ రైతులు ఎప్పుడో ఒకటై కరెంటు సంఘం పెట్టుకున్నారు. స్తంభాలు పాతడం దగ్గర్నుంచి తెగిన తీగ కట్టడం దాకా అన్నీ వాళ్ళవే. మీటరున్న ప్రతి ఇల్లూ సంఘంలో సభ్యత్వం ఉన్న ఇల్లే. అందుకని కరెంటు పోతే తిట్టడానికి పరాయివాడు దొరికేవాడు కాదు, ఒకర్నొకరు తిట్టుకునేవారు. ఆ సంఘానికి మీటర్లు చూసే ఉద్యోగం మా మావయ్యగారిది. ప్రతి ఇంట్లోనూ మీటరు పక్కన మేకుకి ఒక అట్ట కార్డు వేలాడుతుండేది. నెలకోసారి ఆయన సైకిలు మీద వెళ్ళి అందులో అంకె వేసేవారు. అంకె పక్కన ఒక ఖాళీ గడి. మీటరు పగిలిందనో, తీగ వదులైందనో రాయడానికి పెట్టారు దాన్ని. మావయ్యగారు అందులో ఇంటి సంగతి రాసేవారు. కూతురికి కాన్పయింది, ఆవు ఈనింది, పెద్దాయనకి దగ్గు తగ్గలేదు, ఇలాంటివి. ఏడాదికోసారి జరిగే సర్వసభ్య సమావేశంలో, తీర్మానాలేవీ ముట్టుకోకముందే, ఆ గడుల్లోంచి ఏరిన 'సభ్యుల సంగతులు' మైకులో చదవాలి. అది ఆ ఐదూళ్ళ ఆనవాయితీ. జనం వచ్చేదే దానికోసం. అది అవగానే సగం మంది లేచి వెళ్ళిపోయేవారు. సెక్రటరీగారి తీర్మానాలను ఖాళీ కుర్చీలు ఏకగ్రీవంగా ఆమోదించేవి.

మావయ్యగారి రాత ఆయనకే తిరిగి అర్థమయ్యేది కాదు. నేనేమో డిగ్రీ చదివిన కోడల్ని. పైగా ఊరికే కూర్చుంటే ఎవరితోనో ఒకరితో తగువు పెట్టుకుంటానని అత్తగారి భయం. అలా సంగతులు సాపు రాసే పని నాకొచ్చింది. "రెండో వీధి పెదబావగారికి స్టీలుప్లాంటులో ఉద్యోగం వచ్చింది. కూర్మన్నపాలెంలో గది తీసుకున్నారు. సొంత వంట తినలేక వారం వారం ఊరికొస్తున్నారు." "కాలవగట్టు ఇంటికి కలర్ టీవీ వచ్చింది. చూడవచ్చువారు కాళ్ళు కడుక్కుని రావలెను." "నల్ల గేదె స్తంభానికి ఒళ్ళు రుద్దుకుని మూడూళ్ళకి కరెంటు పోగొట్టింది. గేదె కులాసా." ఇవన్నీ నా వాక్యాలే. సభలో జనం నవ్వుతుంటే నాకు సన్మానం జరుగుతున్నట్టుండేది. పొగడ్త నెత్తికెక్కడానికి నిచ్చెన అక్కర్లేదు.

ఆ ఏడు వానల్లో మావయ్యగారు కాలవగట్టు మీద సైకిలుతో సహా జారి కాలు విరగ్గొట్టుకున్నారు. మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. ఐదూళ్ళు తిరగడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. నేను తిరుగుతానన్నాను. ఆడమనిషి ఇల్లిల్లూ తిరిగి మీటరు చూడ్డమేమిటని ఇద్దరు ముగ్గురు నసిగితే, మీటరు మగాళ్ళకే కనిపిస్తుందా అని అడిగాను. చివరికి ఒప్పుకున్నారు. బయల్దేరే ముందు మావయ్యగారు ఒక్కో ఇంటి గురించీ చెప్పారు. ఏ కుక్క కరుస్తుంది, ఏ ఇంట్లో మజ్జిగిస్తారు, ఏ ఇంట్లో మీటరు మీద బల్లి ఉంటుంది. చివర్న కాలవ అవతలి ఊళ్ళో తనకి వదిన వరసయ్యే ఆవిడ ఇంటి దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించారు.

"ఆ వదినింట్లో అంకె ఏసుకుని వచ్చీయమ్మా. మరేటీ ముట్టుకోకు."

"ఏం మావయ్యా?"

"ఏటీ నేదు. ముట్టుకోకంతే."

"కారణం చెప్తేనే కదా గుర్తుండేది?"

"నీకు కారనం సెప్తే ఊరుకుంటావేటి? దానికింకో కారనం అడుగుతావు," అని అటు తిరిగి పడుకున్నారు.

ఆయనకి వదిన కాబట్టి ఆవిడ నాకు పెద్దత్త. భర్త పోయారు, పిల్లల్లేరు. ఊరికి మొదటి ట్రాన్స్‌ఫార్మరు పెట్టడానికి ఆవిడ భర్త ఇచ్చిన జాగా పక్కనే రెండు గదుల పెంకుటిల్లు. రోడ్డు పడ్డాక ఆ స్థలం మీద ఆవిడ సొంత మరిది కొడుకులిద్దరికీ మమకారం పుట్టుకొచ్చింది. "ఒక్కదానివీ ఎందుకు పెద్దమ్మా, మా పెరట్లో గదుంది, వచ్చీ," అని పండక్కీ పబ్బానికీ వచ్చి అడిగేవారు. "నా కాలూ సెయ్యీ ఆడినన్నాళ్ళు ఈ గుమ్మం దిగను," అని ఆవిడ ప్రతిసారీ అదే జవాబు. ఆ ఇల్లు తప్ప ఆవిడకి ఇంకేమీ లేదు. ఆ సంగతి ఐదూళ్ళకీ తెలుసు.

నేను మొదటిసారి వెళ్ళింది మిట్టమధ్యాహ్నం. ముందు గదిలో బల్బు వెలుగుతోంది. దూలానికి కట్టిన తీగ బాగా కిందికి దిగి, సరిగ్గా ఆవిడ తలకి మూరెడు పైన ఉంది బల్బు. దాని కింద చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అడుగుల చప్పుడుకి "ఎవులదీ?" అంది. ఫలానా అని చెప్పి, అంకె వేసుకుని, ఊరుకోవాలా? "పట్టపగలు లైటేమిటత్తా? అవతల మడికి నీళ్ళు తోడే మోటార్లకి కరెంటు చాలక అందరూ కొట్టుకుంటుంటే," అని మొదలుపెట్టి, సంఘమంటే ఏమిటో, సభ్యుల బాధ్యత ఏమిటో ఉపన్యాసమిచ్చి, టక్కున స్విచ్చి కట్టేశాను. ఆవిడ వేళ్ళు చింతపండు మీద ఒక్క క్షణం ఆగాయి. "ఆర్పీసినావేటమ్మా?" అంది. "ఆర్పేశాను," అన్నాను. "సర్లే," అంది. ఇంటికొచ్చాక మావయ్యగారు "వదినింట్లో ఏటీ ముట్టుకోనేదు కదా?" అని అడిగారు. లేదన్నాను. స్విచ్చి నొక్కడం కూడా ముట్టుకోవడమేనా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మరుసటి నెల అంకె కదల్లేదు. మీటరు పాడైందేమోనని లైటు వేసి చూశాను. లోపల చక్రం బుద్ధిగా తిరిగింది. మళ్ళీ ఆర్పేశాను. "లైటు వేసుకోవా అత్తా?" అంటే, "అలవాటైన ఇల్లే కదమ్మా, లైటెందుకు," అంది. మూడో నెలా అదే అంకె. నా ఉపన్యాసం ఇంతగా పనిచేసిందా అని ఉప్పొంగిపోయాను. ఎదుటివాళ్ళింట్లో కిటికీ మీద దుమ్ము కూడా కనిపెట్టే మనిషిని, ఆ మూడుసార్లూ ఆవిడ నా మొహం వైపు కాక నా గొంతు వైపు తిరిగిందని గమనించలేదు. గమనించాలంటే కాసేపు నోరు మూసుకోవాలి కదా. కార్డులో ఖాళీ గడిలో "ఆదర్శ సభ్యురాలు" అని రాశాను.

ఆ ఏడు కరెంటు పొదుపు కోసం సంఘంలో ఒక బహుమతి పెట్టించింది కూడా నేనే. మనుషులుంటున్న ఇళ్ళలో సభకి ముందు రెండు నెలల్లో అందరికన్నా తక్కువ కాల్చిన ఇంటికి స్టీలు బిందె. ఎవరికొచ్చిందో మావయ్యగారికి కూడా చెప్పలేదు. సభలో విని సంతోషిస్తారని దాచాను.

సభ పొద్దున్నే బడి ఆవరణలో, షామియానా కింద. మైకుసెట్టువాడు తెచ్చిన రెండు స్పీకరు డబ్బాల్లో ఒకటి మూగబోతే, పలికే రెండోదాన్ని ఎడమవైపు బల్ల మీద పెట్టాడు. మేమంతా కుడివైపున ఉన్నాం. పెద్దత్తని పక్కింటావిడ తీసుకొచ్చి ఆడవాళ్ళ ముందు వరసలో కూర్చోబెట్టింది. మావయ్యగారు చేతికర్రతో ఓ పక్క కుర్చీలో ఉన్నారు. గేదెలూ కాన్పులూ అయ్యాక నేను గొంతు సవరించుకుని, రెండు నెలలుగా ఒక్క యూనిట్ కూడా కాల్చకుండా కాపురం నడుపుతున్న పెద్దత్తగారికి బిందె అని చదివాను. చప్పట్లు మోగాయి. మావయ్యగారి వైపు చూశాను. ఆయన చప్పట్లు కొట్టడం లేదు. కర్ర పట్టుకుని లేవబోతున్నారు.

"రండమ్మా, ఇలాగొచ్చి బిందె పుచ్చుకోండి," అని సెక్రటరీగారు మైకులో పిలిచారు. పెద్దత్త లేచింది. పైట సర్దుకుంది. తడబడకుండా, తల ఎత్తుకుని నడిచింది. మా వైపు కాదు. గొంతు వినిపించిన వైపు. ఎడమ పక్క బల్ల దగ్గరకెళ్ళి, మైకు డబ్బా ముందు నిలబడి, బిందె కోసం రెండు చేతులూ చాపింది.

"అదేటి పెద్దమ్మా, డబ్బానడుగుతన్నావేటి?" అన్నాడు మరిది పెద్దకొడుకు. జనం గొల్లుమన్నారు. నవ్వు సగంలో ఉండగానే ఒక్కొక్కరికీ అర్థమైంది. నవ్వులు వెనక వరసలదాకా వరసగా ఆరిపోయాయి. అప్పుడు ఆ పెద్దకొడుకు తన తమ్ముడి వైపు చూశాడు. ఆ చూపు నేను చూశాను. అంతవరకూ ఏదీ కనిపించని నాకు అదొక్కటీ స్పష్టంగా కనిపించింది.

మావయ్యగారు కాలీడ్చుకుంటూ వెళ్ళి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నారు. "వదినా, నానే. ఇటు."

"అందరూ సూత్తన్నారేటి మరిదీ?"

"సూత్తన్నారు."

"సూడనీ," అంది. ఆ మాట మైకు దగ్గర కాకపోయినా అందరికీ వినిపించింది.

చూపు పోయి రెండేళ్ళయిందట. అది ఆవిడకీ మావయ్యగారికీ తప్ప మూడోవాళ్ళకి తెలియదు. తెలిస్తే మరిది కొడుకులు చూసుకుంటామంటూ చేతులు పట్టుకుని తీసుకెళ్ళిపోతారని ఇద్దరికీ తెలుసు. అందుకే ఆయన నెలనెలా వెళ్ళినప్పుడు బల్బు వెలుగుతోందో లేదో చూసి, మాడిపోతే కొత్తది పెట్టి వచ్చేవారు. అది అలా వెలుగుతుంటే కార్డులో అంకె అందరి ఇళ్ళలాగే పాకుతూ ఉంటుంది. ఎవరికీ అనుమానం రాదు. ఇదంతా సభ నుంచి తిరిగొస్తూ రిక్షాలో చెప్పారు. నన్నొక్క మాట అనలేదు. తిడితే వాదించేదాన్ని. వాదించడానికి కూడా నాకేమీ మిగల్చలేదు.

ఇరవై రోజులు తిరక్కుండానే మరిది కొడుకులు బండి కట్టి ఆవిణ్ణి మంచంతో సహా తీసుకెళ్ళిపోయారు. కళ్ళులేని మనిషిని ఒంటరిగా ఎలా వదిలేస్తామన్నారు. ఆ మాటకి ఐదూళ్ళూ తలూపాయి. ఎవరు మాత్రం ఏమంటారు? ఇంటికి తాళం పడింది, ఆర్నెల్లకి పెంకులు దిగాయి. మావయ్యగారు మేకు మీంచి అట్ట కార్డు తీసి ఇంటికి తెచ్చి, తన చొక్కాల కింద పెట్టుకున్నారు.

నేను చాలా రోజులు ముందువెనకలాడి, ఒక మధ్యాహ్నం ఆవిణ్ణి చూడ్డానికెళ్ళాను. పెరట్లో గది. బాగానే చూస్తున్నారు, అబద్ధమెందుకు, వేళకింత పెడుతున్నారు. మూల స్టీలు బిందెలో మంచినీళ్ళు. గుమ్మంలో నిలబడి "నేనత్తా," అన్నాను.

"ఎరికే. రా."

"ఆ రోజు లైటు ఆర్పొద్దని ఒక్క మాటంటే నేను..."

"నెత్తి మీద ఎచ్చగా ఉండేదమ్మా ఆ బలుపు," అంది. "ఆ ఎచ్చని బట్టే దాని కింద కూకునేదాన్ని. నువ్వు సిచ్చి కట్టీసినావు, సల్లబడిపోనాది."

"మరి నాకెందుకు చెప్పలేదత్తా?"

"సెప్పినా, మళ్ళీ ఏసుకున్నా ఎందుకని అడుగుతావు. కళ్ళు నేవని సెప్పాల. నువ్వు రాసీగలవు కదా."

రాసేదాన్నే. మంచి వాక్యంగా కూడా రాసేదాన్ని.

మావయ్యగారు పోయి చాలా ఏళ్ళయింది. మొన్న నాలుగు రోజులు చెల్లెలింటికెళ్ళి వచ్చేసరికి, కొత్త మీటరు ఆ రోజుల లెక్క ఫోనుకి పంపింది. నాలుగు రోజులకీ ఇంచుమించు సున్నాలే. ఆ సున్నాలెందుకొచ్చాయని ఈ ఊళ్ళో ఎవరూ నన్నడగలేదు, అడుగుతారని నేనూ అనుకోలేదు. ఫోను పక్కన పెట్టి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. మాట్లాడకుండా కూర్చోవడం ఈమధ్య నాకు బాగానే వస్తోంది. ఏ మనిషి ముందు అలా కూర్చోవలసి ఉండిందో ఆ మనిషిని దాటి ముప్పై ఏళ్ళు వచ్చేశాక అలవడింది.