మునిగిన ఊరి మీద కాపురం

లోకం కూలిపోతే ఎక్కడికి పోయి బతకాలన్న చర్చ మొన్న నా కుట్టు షాపులో జరిగింది. జాకెట్టుకి హుక్కులు కుట్టించుకోవడానికి కూర్చున్న బ్యాంకు అమ్మాయి ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ, "ఆంటీ, అన్నీ ఆగిపోతే దీవి మీదకి పోవడమే బెస్ట్ అంటున్నారు. చుట్టూ నీళ్ళు. ఎవరూ రారు" అంది. ఆంటీ అని పిలిపించుకోవడమే నాకు మంట, దాని మీద ఇదొకటి. "ఎవరూ రారు, నిజమే" అన్నాను. నా గొంతులో ఏం వినపడిందో ఏమో, ఆ అమ్మాయి ఫోన్ బోర్లా పెట్టేసింది. నేను ఆ హుక్కు తలకిందులుగా కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టాను.

దీవి మీద బతికిన మనిషి మా కుటుంబంలోనే ఉండేవాడు. మా మామయ్య, అంటే మా అమ్మ తమ్ముడు. వాళ్ళ ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. దిగువన ఆనకట్ట కట్టాక నీళ్ళు వెనక్కి తన్ని ఊరు మునిగింది. జనానికి ఎగువన రోడ్డు పక్కన కాలనీ కట్టించి ఇచ్చారు. ఊళ్ళో మెరక మీదున్న తూర్పు బజారు చివర మాత్రం పూర్తిగా మునగలేదు. మామయ్య వాళ్ళ గొడ్లచావిడి, దాని వెనక వేపచెట్లు, ఒక కూలిన ప్రహరీ అక్కడ మిగిలాయి. ఆ ముక్కని అందరూ దిబ్బ అనేవాళ్ళు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే పెరిగేది, వానలు పడితే కుంచించుకుపోయేది.

లాక్‌డౌన్ పెట్టిన వారం నేను మామయ్యని, అత్తని చూడ్డానికి కాలనీకి పోయి అక్కడే ఇరుక్కుపోయాను. నరసరావుపేట రెడ్ జోన్ అన్నారు. నా షాపున్న బజారుకి అడ్డంగా కర్రలు కట్టారని ఫోన్‌లో ఫోటోలు వచ్చాయి. మామయ్య ఆ ఫోటోల్ని తిప్పి తిప్పి చూశాడు. రోజంతా మంచం మీద పడుకుని అలాంటివే చూసేవాడు. శవాలు, మూసిన దుకాణాలు, నడిచిపోతున్న జనం, అంతా అయిపోయిందని చెప్పే గొంతులు. ఒకరోజు లేచి కూర్చుని, "దిబ్బ మీదకి పోదాం" అన్నాడు.

"దిబ్బ మీద ఏముందయ్యా, పాములు తప్ప?" అంది అత్త.

"ఏం లేదు గాబట్టే. ఆ ఊరు మునగాల్సిందంతా మునిగిపోయింది. ఇంక దానికి భయమేంది? రోగం రాదు, పోలీసు రాడు, ఓట్లకని ఎవుడూ రాడు. నాలుగు పక్కలా నీళ్ళే కాపలా."

నేను నవ్వాను. అత్త నవ్వలేదు. ఆవిడకి ఆయన పట్టుదల తెలుసు. ఒకప్పుడు అధికారులు వచ్చి ఊరు ఖాళీ చెయ్యమన్నప్పుడు కూడా, గడప మీదకి నీళ్ళొచ్చిందాకా మంచం దిగని మనిషి.

బియ్యం, కందిపప్పు, పచ్చడి జాడీలు, రెండు మేకలు, కోళ్ళ గంప, సోలార్ లైటు పుట్టిలోకి ఎక్కించారు. పుట్టి అంటే చేపలవాళ్ళు తిరిగే గుండ్రటి తట్ట పడవ. మామయ్యకి సొంతంగా ఒకటుంది, కింద తారు పూసిన పట్టా. అత్త ఏడుస్తూ ఎక్కింది. మర్నాడే ఫోన్ చేసింది. "అమ్మాయ్, ఉప్పు మర్చిపోయాం." లోకంతో తెగతెంపులు చేసుకున్న మనిషికి మొదటి పూటే లోకంతో పనిపడిందని నేను కాలనీ అంతా చెప్పుకుని నవ్వించాను. ఉప్పు ప్యాకెట్లు తీసుకుని ఒడ్డున చేపలు పట్టే అతని పుట్టిలో నేనే పోయాను.

ఆ ప్రయాణం నేను మర్చిపోలేను. నీళ్ళు సగానికి తగ్గి ఉన్నాయి. కరెంటు స్తంభాలు నడుముదాకా తేలి వరసగా నిలబడ్డాయి. బడి స్లాబు మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. పుట్టి పోయేది సరిగ్గా బజారు మీదుగానే. చేపలతను తెడ్డు ఎత్తి, "ఇక్కడ మెల్లగా పోవాల. కింద మీ అమ్మమ్మ వాళ్ళ ఇంటి గోడుంది" అన్నాడు. నేను చెయ్యి నీళ్ళలో పెట్టుకుని ఉన్నాను. చప్పున తీసేశాను. చిన్నప్పుడు ఆ గోడ మీద కూర్చుని చింతకాయ తినేదాన్ని.

దిబ్బ మీద మామయ్య హుషారుగా ఉన్నాడు. చావిడి శుభ్రం చేసి, పైన తాటాకు కప్పి, వంగ నారు కూడా పోశాడు. "చూడవే, బంగారం లాంటి గాలి" అన్నాడు. గాలి నిజంగానే బాగుంది. బాగలేనిదల్లా అత్త మొహం. ఆవిడ అంట్ల నీళ్ళు నదిలో పొయ్యడం లేదు, దూరంగా చెట్టు మొదట్లో పోస్తోంది. ఎందుకని అడిగితే, "ఆ కింద మన దేవుడి గది అమ్మాయ్" అంది. పొద్దుగూకితే బడి దగ్గర్నుంచి పిల్లలు చదువుతున్నట్టు వినిపిస్తుందంది. నీటికాకులై ఉంటాయన్నాను. "నాకూ తెలుసు" అంది విసుగ్గా.

నెల తిరక్కుండానే అత్త వచ్చేసింది. తిండికి లోటై కాదు. "మాట్లాడే మనిషి లేక నోరు పాచిపోయింది. ఆయన ఉన్నా లేనట్టే, ఎప్పుడూ ఒడ్డు వంక చూస్తా కూర్చుంటాడు. కూర బాగుందంటే నేనే అనుకోవాల, బాగలేదన్నా నేనే అనుకోవాల" అంది. ఆయన రాలేదు. అంతేకాదు, ఒడ్డున ఒకసారి అడుగుపెట్టిన భార్యని కూడా మళ్ళీ దిబ్బ ఎక్కనివ్వలేదు. రోగం అంటించుకుని వస్తుందని భయం. ఫోన్‌లో తిట్టాల్సినవన్నీ తిట్టాను. విని, "సబ్బులు కూడా పంపీవే" అన్నాడు.

అలా వారానికోసారి సంచీ పద్ధతి మొదలైంది. సరుకులు, షుగరు మాత్రలు సంచీలో పెట్టి ఒడ్డున ఒక బండ మీద ఉంచేవాళ్ళం. మేం వెనక్కి జరిగి తుమ్మచెట్టు కింద నిలబడితే, ఆయన పుట్టి వేసుకుని వచ్చి, సంచీ మీద సబ్బునీళ్ళు చల్లి తీసుకునేవాడు. అత్త అక్కణ్ణుంచే కేకలేసేది. "వానలు పడితే నీళ్ళు పెరుగుతాయి, ఇంటికి రావయ్యా." ఆయన "చూద్దాంలే" అనేవాడు. ఆవిడకి కావలసింది ఆ ఒక్కటే. నీళ్ళు పెరిగేలోపు ఆయన్ని కాలనీకి తెచ్చుకోవాలి. సంచీలో సరుకులు తగ్గిస్తే ఆకలికైనా వస్తాడేమో అని ఒకసారి అంది గానీ, సర్దేటప్పుడు రెండు జంతికలు ఎక్కువే పెట్టింది.

లాక్‌డౌన్ సడలించాక నేను పేటకి వచ్చి షాపు తీశాను. ఆదివారాలు మాత్రం స్కూటీ మీద పోయి అత్తని ఎక్కించుకుని ఒడ్డుకి పోయేదాన్ని. ఎగువన వానలు మొదలయ్యాయి. కరెంటు స్తంభాలు మెడదాకా మునిగాయి. బడి స్లాబు కనిపించలేదు. దిబ్బ చావిడి చుట్టూ నాలుగు మంచాలు పట్టేంత మిగిలింది. మబ్బు పట్టి సోలార్ పనిచెయ్యక మామయ్య ఫోన్ మూగబోయింది.

ఆ ఆదివారం గాలి గట్టిగా ఉంది. మేం సంచీ బండ మీద పెట్టి చెట్టు కిందకి జరిగాం. మామయ్య పుట్టి వేసుకుని రాలేదు. అవతల నీళ్ళంచున తెల్లచొక్కాతో నిలబడ్డాడు. గాలి తగ్గాక వచ్చి తీసుకుంటాడులే అనుకున్నాం, అంతకుముందూ ఒకసారి అలాగే చేశాడు. అత్త చేతులు నోటి దగ్గర పెట్టుకుని, "ఎట్టా ఉందయ్యా?" అని అరిచింది. ఆయన ఏదో అన్నాడు, గాలి ఎత్తుకుపోయింది. మళ్ళీ అన్నాడు. ఈసారి స్పష్టంగా వినపడింది.

"ఇంక వస్తానే!"

చేపలతను ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తి, "ఏమంటన్నాడక్కా? పుట్టి తియ్యనా?" అని అడిగాడు.

"వద్దులే. వస్తానంటన్నాడు" అంది అత్త. అని, దిబ్బ వైపు చెయ్యి ఊపి, "మంచిది! జాగర్త!" అని అరిచింది. ఆయన ఇంకోసారి అదే మాట అన్నాడు. మేమిద్దరం చేతులు ఊపాం. చినుకులు మొదలయ్యాయి. స్కూటీ తిప్పేటప్పుడు చూస్తే ఆయన చెయ్యి ఇంకా పైకెత్తే ఉంది.

మన ఇళ్ళలో సెలవు తీసుకునేటప్పుడు పోతాననరు. పోతానంటే నోరు కొట్టుకోమంటారు. పొలానికి పోయేవాడూ, పొరుగూరు పోయేవాడూ, జైలుకి పోయేవాడూ వస్తాననే అంటాడు. మామయ్య ప్రతివారం పుట్టి తిప్పుకుంటూ అనే మాటే అది. ఆ రోజు అక్కడున్న ముగ్గురం పల్నాడులో పుట్టి పెరిగినవాళ్ళమే. ముగ్గురికీ అది సెలవు మాటగానే వినపడింది.

మూడోనాడు చేపలతను ఫోన్ చేశాడు. సంచీ బండ మీదే ఉందని, కాకులు చించాయని చెప్పాడు. షాపు తలుపు కూడా సరిగా వెయ్యకుండా బయల్దేరాను. మమ్మల్ని అతనే దిబ్బకి తీసుకుపోయాడు. దగ్గరికి రాగానే అతను తెడ్డు ఆపేశాడు. ముందు కనపడింది మామయ్య పుట్టి. బోర్లించి ఉంది, అడుగున పట్టా చినిగి చెయ్యి దూరేంత కంత.

మామయ్య నీళ్ళంచున, ప్రహరీ రాయికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహం ఒడ్డు వైపే ఉంది. జ్వరమో, షుగరో, గుండో, ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. ఆయన్ని ఎలా చూశామో రాయను. పక్కన ఉన్నవాటి గురించి రాస్తాను. దుప్పటి, గ్లాసు, దువ్వెన, చచ్చిన ఫోను కలిపి కట్టిన మూట. ఊరెళ్ళేటప్పుడు వేసుకునే చెప్పులు, కాళ్ళకి. మేకల పలుపులు విప్పేసి ఉన్నాయి. చావిడికి గొళ్ళెం పెట్టి ఉంది. లోపల బియ్యం సగం సంచీకి పైనే మిగిలింది.

అత్త మూట చూసింది. ముడి మీద చెయ్యి పెట్టింది. "ఏందయ్యా, సరిగా చెప్పొద్దూ" అంది. ఏడవలేదు. కోపంగా అంది, ఇంట్లో అన్నట్టే.

దీవి మంచిదా కాదా అని అడిగేవాళ్ళందరూ తిండి గురించి, నీళ్ళ గురించి, దొంగల గురించి అడుగుతారు. మామయ్యకి తిండి ఉంది. నీళ్ళకి కొదవే లేదు. దొంగ రాలేదు, రోగం వచ్చిందో లేదో తెలియదు. లోకం మాత్రం ఆయన అనుకున్నట్టు కూలలేదు. ఆ ఆదివారం పేటలో జనం బిర్యానీ పొట్లాల కోసం తోసుకుంటున్నారు. వంటింట్లో ఆయన అదే మాట అని ఉంటే, అత్త పొయ్యి దగ్గర్నుంచి తలతిప్పి "ఏంది? యాడికి?" అని అడిగేది. మొహం చూసేది. ఒళ్ళు కాలుతోందని చెయ్యి పెట్టకుండానే చెప్పేది. ఆ ఒక్క ప్రశ్న నీళ్ళు దాటలేదు.

నా షాపు నుంచి లేచే ప్రతి మనిషీ "వస్తానక్కా" అంటుంది. ప్రతిసారీ నా కాలు మిషన్ మీద ఆగిపోతుంది. తలెత్తి మొహం చూస్తాను. వాళ్ళకి అదో రకంగా ఉంటుందని తెలుసు. చూడకుండా ఉండలేను.

అత్త ఇప్పుడు ఆ మాటే అనదు. పక్కింటి నుంచి లేచినా, పెళ్ళింటి నుంచి లేచినా "పోతన్నా" అంటుంది మొహమ్మీదే. కాలనీ ఆడవాళ్ళు మొదట్లో ఆవిడ నోరు మూసేవాళ్ళు. ఇప్పుడు శుభకార్యాలకి పిలవడం తగ్గించారు. వాళ్ళతో దెబ్బలాడటానికి రెండుసార్లు పోయాను. "వాళ్ళ తప్పేంది, వదిలెయ్" అని అత్తే నన్ను లాక్కొచ్చింది.

పోయిన ఆదివారం అన్నం తిని, స్కూటీ స్టార్ట్ చేసి, అలవాటు కొద్దీ "వస్తా అత్తా" అన్నాను. ఆవిడ వచ్చి హ్యాండిల్ పట్టుకుంది.

"వస్తావా, పోతావా? సరిగా చెప్పు."

స్కూటీ ఆపేశాను. ఆ మాట పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనలేదు. ఆవిడ నా మొహంలోకి చూస్తూ అలాగే నిలబడింది, ఎంతసేపైనా నిలబడేలా ఉంది.

"పోతన్నా అత్తా" అన్నాను.

"ఊఁ" అని హ్యాండిల్ వదిలింది.