వాడిన నూనె ఉందా అండీ

కాలేజీ బస్సు డ్రైవరును అందరూ బాబాయి అనే పిలిచేవారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు. దారి తప్పితే తప్పాడు గాని, బస్సాపి ఫలానా ఊరికి ఎటు పోవాలని అడిగే ప్రశ్నే లేదు. ఒకసారి లెక్చరర్లందరినీ పెళ్లికి తీసుకెళ్తూ వేరే పెళ్లికి చేర్చాడు. వాళ్లు భోంచేసి, కానుకలిచ్చి, ఫోటో దిగాక గాని సంగతి బయటపడలేదు. "అడగందే అమ్మైనా పెట్టదు" అని భార్య సాధిస్తే, "మా అమ్మ పెట్టేది" అని కంచం ముందు బిగుసుకుని కూర్చునేవాడు. అదొక రకం మనిషి లెండి. ఒకరిని అడగడమంటే ఆయనకు తల తీసేసినట్టుండేది.

అలాంటి మనిషి నెత్తిన పిడుగు పడింది. బస్సు ముసలిదైపోయిందని, దాన్ని తుక్కు కింద అమ్మేసి బాబాయిని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాలని ప్రిన్సిపాలు నిర్ణయించాడు. కదలని కుర్చీని తలచుకుంటేనే బాబాయికి గుండె జారిపోయింది. అయినా, ఎందుకు సార్ అని అడగలేదు. అడ్డుపడింది కెమిస్ట్రీ పిల్లలు. వాడేసిన వంటనూనె వడకట్టి అదే బస్సును నడుపుతామని, ఆరు రోజులు ఊరూరా తిరిగి పర్యావరణం గురించి చెబుతామని పట్టుబట్టారు. డీజిలు చుక్క పోయకుండా శనివారానికి తిరిగొస్తే బస్సు ఉంటుంది, లేకపోతే తుక్కే అని ప్రిన్సిపాలు షరతు పెట్టాడు.

అంతా బాగానే ఆలోచించారు, ఒక్కటి తప్ప. వాడిన నూనె ఉందని ఒప్పుకునే హోటలు ఈ భూప్రపంచంలో ఎక్కడుంది?

పిల్లలు తెల్లకోట్లు తొడుక్కుని, చేతుల్లో అట్టలూ కాగితాలూ పట్టుకుని మొదటి హోటల్లో దిగారు. "వాడిన నూనె ఉందా అండీ?" అని వాళ్ల నాయకురాలు, కళ్లద్దాల అమ్మాయి, ఎంతో మర్యాదగా అడిగింది. యజమాని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"మా దగ్గరా? ఎవరమ్మా చెప్పింది మీకు? ఏ రోజు నూనె ఆ రోజే. కావాలంటే వాసన చూడండి" అంటూ కొత్త డబ్బా మూత తీసి ఒక్కొక్కరి ముక్కు కింద పెట్టాడు.

మేం తనిఖీ అధికారులం కాదని వాళ్లు చెప్పినకొద్దీ తనిఖీవాళ్లేనని ఆయనకు నమ్మకం కుదిరింది. అందరికీ కడుపునిండా వడ్డించి సాగనంపాడు. ఆ వెంటనే ముందున్న ఊళ్లకు ఫోన్లు వెళ్లాయి. ఇక చూడండి, బస్సు వస్తోందంటే చాలు, వంటిళ్లు కడిగేస్తున్నారు, మూకుళ్లు తోమేస్తున్నారు. పిల్లలకు వెళ్లినచోటల్లా రాచమర్యాదలే. పొట్టలు నిండుతున్నాయి, ట్యాంకు ఖాళీ అవుతోంది. బయల్దేరేటప్పుడు కాలేజీ క్యాంటీను అక్క ఇచ్చిన నూనెతోనే నెట్టుకొచ్చారు.

ఐదో రోజు మధ్యాహ్నం, కాలేజీ ఇంకా నలభై కిలోమీటర్లుందనగా, ఓ రోడ్డుపక్క హోటలు ముందు బస్సు దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. పిల్లలు లోపలికి వెళ్లి, కొత్త డబ్బా వాసన చూసి, శుభ్రంగా తిని బయటికొచ్చారు. కళ్లద్దాల అమ్మాయి బస్సు మెట్టు మీద కూలబడి, "అయిపోయింది బాబాయ్" అంది.

బాబాయి టైర్లు తన్ని చూశాడు. అద్దం తుడిచాడు. తుడిచిన అద్దమే మళ్లీ తుడిచాడు. గేటు దగ్గరి కుర్చీ కళ్లముందు మెదిలింది. హోటల్లోకి వెళ్లి టీ తాగాడు. ఇంకో టీ తాగాడు. మూడోదీ తాగేసరికి కడుపులో చోటు లేక మాట బయటికి రాక తప్పలేదు.

"ఒక మాట అడగాలి" అన్నాడు యజమానితో. "ఈ బండి ఆగిపోతే నన్ను కుర్చీలో కూర్చోబెడతారు. నాకు కూర్చోవడం చేతకాదు. కాస్త పాత నూనె ఇప్పించండి."

"డ్రైవరువి కదన్నా, కూర్చునేగా నడుపుతావు?"

"ఆ సీటు వేరు. అది కదుల్తుంది."

"నిజంగా మీరు ఆఫీసువాళ్లు కాదా?"

"వాళ్లు చదువుకునే పిల్లలు. నేను ఒట్టి డ్రైవర్ని."

యజమాని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పాత నూనె మా దగ్గర లేదు. కొంచెం అనుభవమున్న నూనె ఉంది. పనికొస్తుందా?"

వెనకగదిలో నాలుగు డబ్బాల అనుభవం ఉంది. ఆయన ఫోను చేస్తే చుట్టుపక్కల హోటళ్లవాళ్లు కూడా ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకుని తలా ఒక డబ్బా మోసుకొచ్చారు. దాతల పేర్లు రాసుకోబోతే కళ్లద్దాల అమ్మాయి చేతిలో పెన్ను లాక్కున్నారు.

శనివారం పొద్దున బస్సు కాలేజీలోకి వచ్చేసరికి పొగలోంచి వచ్చే బజ్జీల వాసనకు మొదటి పీరియడులోనే అందరికీ ఆకలేసింది. ప్రిన్సిపాలు పొంగిపోయి మైకు పట్టుకున్నాడు. "ఇంత గొప్ప బస్సును ఇక రోడ్డెక్కించం. సిమెంటు దిమ్మ కట్టి కాలేజీ ముందు నిలబెడతాం. మన బాబాయి పక్కనే కుర్చీ వేసుకుని, చూడవచ్చినవాళ్లకు వివరిస్తాడు" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి.

బాబాయికి ఏడుపొచ్చినంత పనైంది. ఈసారి తాగడానికి టీ కూడా లేదు. జనాన్ని తోసుకుంటూ వెళ్లి మైకు అందుకున్నాడు.

"సార్, సోమవారం బండి ఎన్నింటికి తియ్యమంటారు?"

అంతమందీ తనవైపే చూస్తుంటే ప్రిన్సిపాలు కాదనలేక, "ఎప్పటిలాగే, ఏడున్నరకి" అనేశాడు.

అడగడం ఇంత సులువని తెలియక ఇరవై ఆరేళ్లు వృథా చేసుకున్నందుకు బాబాయికి తనమీద తనకే ఒళ్లు మండింది. మైకు వదల్లేదు. అదే ఊపులో ముందు చక్రాలకు రెండు కొత్త టైర్లు కూడా అడిగాడు.