ఆస్ట్రేలియాలో మంచు

ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయిన ఆ రోజుల్లో పుదుచ్చేరిలో జెండా మారినంత తేలిగ్గా మనుషులు మారలేదు. ఆఫీసు గోడల మీది పటాలు దించి కొత్తవి తగిలించడానికి ఒక్క పూట పట్టింది. ఆ పటాల కింద కూర్చున్న పాత ఉద్యోగుల చేత ‘బోంజూర్’ మాన్పించి ‘గుడ్ మార్నింగ్’ అనిపించడానికి మాత్రం ఏళ్లు పట్టాయి. ఆ అనిపించే పనిలో కొంత భాగం, ఏ జన్మలో ఏం చేసుకున్నానో గాని, నా నెత్తిన పడింది. నేను యానాంలో ఫ్రెంచి బడిలో చదివి, కాకినాడలో రెండేళ్లు ఇంగ్లీషు చదువు వెలగబెట్టినవాణ్ణి. అంటే రెండు భాషల్లోనూ అరకొరే. అయినా ఎవరో పుణ్యాత్ముడు ‘ఈ కుర్రాడికి ఇంగ్లీషు వచ్చు’ అని ఒక కాగితం మీద రాయడంతో ఇరవై రెండేళ్లకే మాస్టారినైపోయాను. మూడు నెలల తాత్కాలికపు మాస్టారిని. పరీక్షలో నా శిష్యులు నన్ను నిలబెడితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే యానాం బస్సెక్కాలి.

ఒక్క భాష నేర్పడమే అయితే ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి. కాని ఆ పరీక్ష పెట్టిన పెద్దలకు అది చాలలేదు. ఇంగ్లీషు నేర్చేవాడికి ఇంగ్లీషు మాట్లాడే దేశాల సంగతులు కూడా తెలియాలన్నారు. ఇంగ్లండు, కెనడా, అమెరికా, ఆస్ట్రేలియా, ఎక్కడ ఏ నది పారుతుంది, ఎవరు ఏం తింటారు, ఏ పండుగ ఎలా చేస్తారు, అన్నీ నోటితో చెప్పాలి. చెప్పినవాడు పాత హోదాలోనే ఉంటాడు. చెప్పలేనివాడికి అర పించనిచ్చి ఇంటికి పంపుతారు. పుదుచ్చేరి ఆసుపత్రిలో దుప్పట్లు మార్చే మనిషికి కెనడాలో గోధుమలు ఎక్కడ పండుతాయో ఎందుకు తెలియాలో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. పోనీ నాకైనా తెలుసా అంటే, నేను సరిహద్దు దాటి చూసిన ఒకప్పటి ఇంగ్లీషు రాజ్యమల్లా కాకినాడే (సైకిలెక్కితే రెండు గంటలు). నాకిచ్చిన పుస్తకం ఒకే ఒక్కటి. అందులో సగం చెదపురుగులు నాకంటే ముందే చదివేశాయి.

ఇక నా తరగతి. తొమ్మిదిమంది, అందరూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, తాతల కాలం నుంచి ఆ ఊళ్లో పాతుకుపోయినవాళ్లు, అందరూ నా కంటే వయసులో పెద్దవాళ్లు. వాళ్ల తెలుగులో సగం అరవం. తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. వాళ్లకు పాఠం చెప్పమని ఇచ్చిన వేళ మధ్యాహ్నం ఒంటిగంటన్నర! ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయినా పన్నెండు నుంచి మూడు దాకా పడుకునే అలవాటు మాత్రం ఆ ఊళ్లోనే ఉండిపోయింది. వీధిలో కుక్క కూడా మొరిగేది కాదు. అలాంటి వేళ, చెమటలు కారుతుంటే, నేను నల్లబల్ల ముందు నిలబడి స్కాట్లండు చలిని వర్ణించేవాణ్ణి. ఎదురుగా ఆసుపత్రి అక్క (మేమంతా అలాగే పిలిచేవాళ్లం, ఇరవై ఏళ్లుగా రోగులకు సేవ చేస్తున్న మనిషి) కళ్లు తెరుచుకునే నిద్రపోయేది. రాత్రి డ్యూటీల్లో నేర్చుకున్న విద్యట. నిద్ర లేచిందంటే మాత్రం నా ప్రాణం తీసేది.

“ఇంగ్లండులో చింతపండు దొరకదంటిరే సారు, మరి వాళ్లు అన్నంలోకి ఏంది పోసుకుంటారు?” అంది ఒకరోజు.

“అసలు అన్నమే తినరండీ. ఉడకబెట్టిన బంగాళదుంపలు తింటారు” అన్నాను.

“దినమూనా?”

“రోజూనే.”

“అయ్యో పాపం” అంది అక్క. ఆ మాటతో తరగతి తరగతంతా నాలిక చప్పరించింది. మొన్నమొన్నటి దాకా సగం భూగోళాన్ని ఏలిన జాతి మీద మధ్యాహ్నం రెండు గంటలకు తొమ్మిదిమంది పుదుచ్చేరి ఉద్యోగులు అలా జాలిపడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. “జాలి పడకండి, రాసుకోండి!” అని అరిచాను. అందరూ బుద్ధిగా తలలు వంచి రాసుకున్నారు.

ఏం రాసుకున్నారో నాకు వారం తర్వాత గాని తెలియలేదు. ఆ వారం నేను టపా మామ నోటుపుస్తకం అడిగి తీసుకున్నాను. టపా మామ అంటే పోస్టాఫీసులో ఉత్తరాల సంచులు విప్పి, ఏ దేశపు ఉత్తరం ఆ దొంతిలో వేసే పెద్దాయన. కిరుమాంబాక్కం పల్లె నుంచి సైకిలు మీద వచ్చేవాడు. ఇంకా ఏడేళ్ల సర్వీసు ఉంది. పొద్దున్నే సంచి మూతి విప్పకపోతే ఆ రోజు అన్నం సయించదని ఆయనే చెప్పేవాడు. ఆ పరీక్షంటే అందరికంటే ఎక్కువ భయపడింది ఆయనే. ఆయన దస్తూరీ ముత్యాల కోవలా ఉంటుంది. ఆ ముత్యాల్లో ఇలా ఉంది: ‘కెనడా చాలా చలిదేశము. అచ్చట నదులు గడ్డకట్టును. అబ్బబ్బ, ఆ కిటికీ మూయండి, ఎండ మొహాన కొడుతోంది. ఇంగ్లండు ప్రజలు బంగాళదుంపలు తిందురు. జాలి పడకండి రాసుకోండి. ఆయ్.’ ఇంగ్లీషు ఇంగ్లీషులోనూ, నా గోదావరి తెలుగు ఫ్రెంచి అక్షరాల్లోనూ, ఒక్క పొల్లు పోకుండా.

“ఇదేమిటి మామా?”

“మీరు చెప్పిందే సారు.”

“కిటికీ మూయమన్నది కూడా పాఠమేనా?”

“ఏది పాఠమో ఏది కాదో నేను యాడ చూసేది సారు? మా ఫ్రెంచి సారు నోరు తెరిస్తే రాయాల, మూస్తే నిలపాల. ఒక మాట విడిస్తే వేళ్ల మీద బెత్తం పడతాది. మాకు చదువు అట్లనే వచ్చినాది.”

“సరే, అనవసరమైనవి కొట్టేయండి.”

“కొట్టేదా?” మామ పుస్తకాన్ని నా చేతిలోంచి మెల్లగా లాక్కున్నాడు. “పుస్తకంలో కొట్టివేత ఉంటే మార్కు పోతాది గదా సారు.”

మిగతా ఎనిమిది పుస్తకాలూ చూశాను. ఎనిమిదింటిలోనూ కిటికీ ఉంది. ఆ సాయంత్రం సముద్రపొడ్డున కూర్చుని, యానాంలో మా నాన్నకు ఏమని ఉత్తరం రాయాలా అని ఆలోచించాను. మర్నాటి నుంచి తరగతిలో తుమ్మాలన్నా భయమే. దాహమేస్తోందని పొరపాటున అంటే అదీ ఎక్కడ ఆస్ట్రేలియా పాఠంలో చేరుతుందోనని నోరు ఎండబెట్టుకుని చెప్పేవాణ్ణి. ఎంత జాగ్రత్తపడినా నా ‘ఆయ్’ మాత్రం ఆగేది కాదు. అది మా గోదావరి నీళ్లలోనే ఉంది.

పరీక్ష రానే వచ్చింది. మద్రాసు నుంచి ఒక పెద్దమనిషి దిగాడు. అంత ఎండలోనూ టై కట్టుకున్నాడు, నవ్వడం నిషేధించినట్టున్న మొహం. తరగతి అంతా బల్లల మీద, నేను గోడ పక్కన. ఇంగ్లీషువాళ్ల భోజనం గురించి అక్కను అడిగాడు. అక్క లేచి బంగాళదుంపలూ రొట్టెలూ తప్పులేకుండా ఇంగ్లీషులో చెప్పి, ఉండబట్టలేక “పాపం సారు” అని తెలుగులో ముగించింది. ఆయన మీసం కదిలింది. ఆ కదలడంలో నాకు అర్థమైంది, ఆయనకు తెలుగు శుభ్రంగా వచ్చని. ఇక ఎవరి నోటెంట కిటికీ వచ్చినా దాచే దారి లేదు.

తర్వాత టపా మామ. చేతులు కట్టుకుని, ఫ్రెంచి బడిలో నిలబడ్డట్టే నిటారుగా నిలబడ్డాడు. కెనడా నదులు చెప్పాడు. అమెరికా తీరాలు చెప్పాడు. అదృష్టం బాగుండి కిటికీ రాలేదు. అప్పుడు ఆ పెద్దమనిషి, “ఆస్ట్రేలియాలో క్రిస్మసు పండుగ నాటి సంగతులు చెప్పండి” అన్నాడు.

మామ మొదటిసారి ఆగాడు. నా వంక చూశాడు. గుర్తుకు రావడం లేదేమోననుకుని, చెప్పు చెప్పు అన్నట్టు తల ఊపాను. మామ గొంతు సవరించుకుని, “ఇంగ్లీషు మాట్లాడే అన్ని దేశాల్లోనూ క్రిస్మసు నాడు మంచు కురియును. ఆస్ట్రేలియాలోనూ కురియును. జనులు నిప్పు చుట్టూ కూర్చుందురు. ఆయ్” అన్నాడు.

పెద్దమనిషి కళ్లజోడు తీశాడు. “మంచా? డిసెంబరులో అక్కడ ఏ కాలమో బాగా ఆలోచించి చెప్పండి.”

మామ మళ్లీ నా వంక చూశాడు. “మంచు కాలమే సారు” అన్నాడు గట్టిగా.

పెద్దమనిషి కలం చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు తట్టింది నాకు. ఆస్ట్రేలియా పాఠంలో ఆ పేజీ చెదపురుగులు తిన్నాయి. లేని పేజీని నేను ఇంగ్లండు పాఠంలోంచి తెచ్చి పూడ్చాను. భూమధ్యరేఖకు అవతల కాలాలు తలకిందులవుతాయని కాకినాడలో నేను చదువుకున్నదే, కాని ఆ మధ్యాహ్నపు ఎండలో అది నా బుర్రలో ఉంటేగా! నిజం చెబుతున్నాను, నేను వెంటనే నోరు విప్పలేదు. విప్పితే నా మూడు నెలలు అయిపోయినట్టే. ఆ కలం కాగితానికి తగిలేదాకా ఊరుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గే. తర్వాత ఎలా వచ్చిందో గాని నోట్లోంచి మాట వచ్చేసింది. “తప్పు నాదండి. ఆయన తప్పు కాదు. నేనే అలా చెప్పి రాయించాను.”

పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, మామ వైపు తిరిగి ఈసారి తెలుగులోనే అడిగాడు. “మాస్టారి సంగతి అలా ఉంచండి. మీకు నిజంగా తెలియదా?”

మామ నేల చూపులు చూశాడు. “తెలుసు సారు” అన్నాడు చివరికి. “ఆ దేశం నుంచి మన ఊరి దొరలకు ఏటేటా బొమ్మల కార్డులు వస్తాయి గదా. డిసెంబరు ముద్రతో వచ్చేదాంట్లో జనం సముద్రంలో మునుగుతా ఉంటారు. వెనకాల ఎండ తాళలేమని రాసుంటారు. కార్డు చదివితే తప్పు లేదు సారు, అది మూసింది కాదు గదా. ఇరవై ఏండ్లుగా చూస్తా ఉండాను.”

“మరి మంచు అని ఎందుకన్నారు? రెండుసార్లు అడిగాను కదా!”

“సారు మంచు అని రాయించినారు. మీ ముందర నేను కాదంటే ఆయన పని పోతాది. నాకు పోతే అర పించనైనా వస్తాది. ఆ తంబికి ఏముంది సారు? చిన్నోడు.”

ఆ నవ్వు లేని మొహం కాస్త పక్కకు తిరిగింది. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ఆ కార్డుల గురించి మామను ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగాడు. ఏ రేవు నుంచి వస్తాయి, ఎన్ని వారాలు పడుతుంది, ఏ నెలలో ఎక్కువ. మామ చెబుతుంటే చెదపురుగులు తిన్న పుస్తకమంతా తిరిగొచ్చినట్టు అనిపించింది. ఆ పక్కనే న్యూజిలాండులోని వెల్లింగ్టన్ నుంచి ఒక తల్లి ఈ ఊళ్లో ఉన్న కొడుక్కి ప్రతి ఏడూ ఉన్ని చొక్కా పంపుతుందనీ, ఆమెకు ఇక్కడి ఎండ సంగతి ఎవరూ రాసినట్టు లేదనీ కూడా చెప్పాడు. మామ పాసయ్యాడు. నాకు మాత్రం, ‘ఉపాధ్యాయుడు ఇంకా చదువుకోవలసియున్నది’ అని ఎర్ర సిరాతో ఒక వాక్యమూ, దానితోపాటు ఇంకో మూడు నెలలూ వచ్చాయి. ఆ మూడు నెలల మీద మూడు నెలలు కలిసి ముప్పై ఏళ్ల ఉద్యోగమైంది.

మొన్న మా మనవరాలు సాంఘికశాస్త్రం నోట్సు రాసుకుంటూ, యానాం కావేరి ఒడ్డున ఉందని చదువుతోంది. నేను పుట్టిన ఊరు! ఈతకొట్టిన గోదావరి! కుర్చీలోంచి సగం లేచాను. “ఎవరు చెప్పారే నీకు?” అన్నాను.

“కొత్త టీచర్. చాలా చిన్నావిడ తాతయ్యా, మేం గోల చేస్తే ఏడుస్తుంది కూడా. రేపు ఇన్‌స్పెక్షనని భయపడుతోంది పాపం.”

నేను మళ్లీ కూర్చున్నాను.

“ఇన్‌స్పెక్షను అయ్యాక నేనొచ్చి ఆవిడతో నెమ్మదిగా చెబుతాను గాని, రేపటికి మాత్రం ఆవిడ చెప్పినట్టే చెప్పమ్మా” అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి, మతి గాని పోయిందా అని నా మొహంలోకి చూసింది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.