బీడీ మానేసిన జర్మన్ ఇంజన్

మా నాచారం ఫ్యాక్టరీలో అందరికన్నా సీనియర్‌ది జర్మనీ. జీతం అడగదు, సెలవు పెట్టదు. కాస్త డీజిల్, పొద్దున్నే ఒక బీడీ ఇస్తే చాలు, సాయంత్రం దాకా పని చేస్తుంది. అదొక చిన్న షంటింగ్ ఇంజన్. మేము మందుల కంపెనీలకు అట్టపెట్టెలు చేస్తాం. గోడౌన్ నుంచి ప్రెస్సు షెడ్డు గుమ్మం దాకా కాగితం రీళ్ళను పట్టాల మీద లాగడం దాని ఉద్యోగం. మా మొదటి యజమాని ఎక్కడో మూతబడిన చక్కెర మిల్లు నుంచి పట్టాలతో సహా కొనుక్కొచ్చాడట. కొందరు అలాంటి చోటికి వెళ్ళి కుర్చీ కొనుక్కొస్తారు.

నేనక్కడ మెయింటెనెన్స్ ఇంజనీరును. కాలేజీలో ఒక సెమిస్టరంతా డీజిల్ ఇంజన్లే చెప్పారు, నేను పాసయ్యాను కూడా. కాబట్టి దాని చరిత్ర కొంత చెప్పగలను. ఒకప్పుడు జర్మనీలో రెండు వ్యాగన్లు పక్కకు జరపాలన్నా ఆవిరి ఇంజనే దిక్కు. దానికి తెల్లవారకముందే పొయ్యి రాజెయ్యాలి, ఇద్దరు మనుషులుండాలి. పని లేకుండా నిలబడ్డా బొగ్గు తింటూనే ఉంటుంది. అలాంటి ఉద్యోగులు మనకు కొత్త కాదు గానీ జర్మన్లకు ఓపిక తక్కువ. డీజిల్ పెడదామనుకున్నారు. మొదట పెద్ద ఇంజనొకటి చేసి చక్రాలకు నేరుగా తగిలించారు. డీజిల్ ఇంజన్ తిరుగుతుంటేనే లాగుతుంది, ఆగి ఉన్నప్పుడు దానికి బలం సున్నా. ఆ బండిని కదిలించడమే పెద్ద పనైంది. తర్వాత ఆశ తగ్గించుకుని చిన్న ఇంజన్ తీసుకున్నారు. దానికి క్లచ్చు, గేరుపెట్టె పెట్టి, అక్కడి నుంచి సైకిల్‌కున్నట్టు చెయిన్లతో ఇరుసులు తిప్పారు. అది కుదిరింది. ఒక్కడే నడపొచ్చు, పని లేనప్పుడు ఆపేయొచ్చు. మాది ఆ తొలి తరానికి చెందినది.

దానికున్న ఒకే దురలవాటు బీడీ. డీజిల్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే మండుతుంది. కానీ రాత్రంతా ఆగి ఉంటే ఏ కాలంలోనైనా ఆ వేడిని చల్లటి ఇనుమే తాగేస్తుంది. అందుకని సిలిండర్ నెత్తిన ఒక మరబిరడా పెట్టారు. దాని కొనకు రాజుకునే కాగితం చుట్ట గుచ్చి, నిప్పంటించి, లోపలికి బిగించి, హ్యాండిల్ తిప్పాలి. ఆ కాగితాల డబ్బా నేను పుట్టకముందే ఖాళీ అయింది. తర్వాత ఎవరో బీడీ పెట్టి చూశారు. జర్మన్ యంత్రం కిక్కురుమనకుండా ఒప్పుకుంది.

దాని డ్రైవర్ దమ్మాయిగూడ నుంచి వస్తాడు. ఊరంతటికీ మామ. కాగితం ఫ్యాక్టరీలోకి అగ్గిపెట్టె తేవడం నిషేధం, మామకు తప్ప. ‘బండి కోసం’ అని రోజూ ఒక కట్ట తెచ్చేవాడు. బండికి ఒకటి చాలు. మిగతావి ఎవరు తాగుతున్నారని అడిగేంత అమర్యాదస్థులం కాము. పొద్దున్నే షెడ్డు వెనక నుంచి దగ్గు వినిపిస్తే అది ఇంజనో మామో దగ్గరికెళ్తేగాని తెలిసేది కాదు.

ఈ ఎండాకాలంలో కొత్త సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. రిటైర్డ్ మిలిటరీ, సైనిక్‌పురిలో ఇల్లు. మొదటి రోజే గేటు దగ్గర మామ బీడీ కట్ట, అగ్గిపెట్టె రెండూ లాక్కున్నాడు.

“బండికి గావాలె సార్,” అన్నాడు మామ.

“బండి అడిగితే నా దగ్గరికి పంపు,” అన్నాడు ఆఫీసరు.

ఆ రోజు నుంచి ఇంజన్ కదల్లేదు. రీళ్ళను ఫోర్క్‌లిఫ్ట్ మోసింది. బీడీ లేక ఆగిందని మేనేజరుకు చెప్పే ధైర్యం నాకు లేదు. ఇంజన్‌లో నిప్పు పెడతామని రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆఫీసరు దాన్ని అదే రోజు పాతసామాన్లోకి తోస్తాడు. చివరికి మేనేజరే అడిగాడు. ఆయనది కాకినాడ వైపు.

“ఏవండీ, దసరాకి అది దానంతటది కదులుతుందా? కదలకపోతే కోయించేద్దాం. ఇంజన్ లేనప్పుడు ఇంజన్ డ్రైవరెందుకు, మీరే చెప్పండి?”

మామకు ఆ మాట నేనే చేరవేశాను. చాలాసేపు గేరు కడ్డీ తుడిచాడు.

“రిటైర్మెంట్ దాకనన్న ఉంచరా సారు? ఇంట్ల గూసుంటె మీ అత్త నన్ను పాల ప్యాకెట్లకు, కూరగాయలకు షంటింగ్ జేస్తది.”

నవ్వుతూనే అన్నాడు. గుడ్డ మాత్రం తుడిచిన చోటే తుడుస్తోంది.

సంవత్సరంలో ఒక్కరోజు మా ఫ్యాక్టరీలోకి నిప్పు దర్జాగా గేటులోంచే వస్తుంది. ఆయుధ పూజ నాడు. పని బంద్, గోడౌన్‌కు తాళం, ఇసుక బకెట్లు వరసగా. ప్రతి యంత్రానికీ బొట్టు, కర్పూరం, అగర్‌బత్తి. బండ్లయితే చక్రాల కింద నిమ్మకాయలు. పరీక్ష ఆ రోజే పెట్టించమని నేను మేనేజరును బతిమాలాను. శుభదినం కదా అన్నాను. నాకంత భక్తి ఉందని ఆయనకప్పుడే తెలిసింది.

మామకు ఉపాయం నచ్చలేదు.

“బీడీ దాగే నోట్ల దేవుని అగర్‌బత్తి పెడ్తవా సారు? పాపం తగుల్తది.”

“పాల ప్యాకెట్లు గుర్తు తెచ్చుకో, మామా.”

పూజకు అగర్‌బత్తులు తెచ్చింది స్వయానా సేఫ్టీ ఆఫీసరే. మల్లెపూల వాసనవి. మామ ఒకటి తుంచి గుచ్చి, వెలిగించి బిగించాడు. నేను హ్యాండిల్ తిప్పాను. ఇంజన్ ఒకసారి మూలిగి ఊరుకుంది. మేనేజరు వాచీ చూసుకున్నాడు. ఒక్క పుల్ల సన్నగా ఉండి లోపలే రాలిపోయింది. ఈసారి మూడు కలిపి దారం చుట్టాడు మామ. అప్పుడు ఆఫీసరు దగ్గరికొచ్చాడు.

“ఆ రంధ్రంలో ఏం పెడుతున్నావ్?”

“అగర్‌బత్తి సార్. మీరు దెచ్చినయే.”

“లోపలా?”

“బయట అందరు జేస్తరు సార్. లోపల కూడ పూజ జెయ్యాలె గద.”

ఆఫీసరు మామ మొహంలోకి చూశాడు, బొట్టు పెట్టిన ఇంజన్‌ను చూశాడు. దేవుడి పనికి అడ్డొచ్చే రకం కాదాయన. ఒక బకెట్ ఇసుక దగ్గరికి జరుపుకుని చేతులు జోడించాడు.

నేను మళ్ళీ తిప్పాను. హ్యాండిల్‌తో తిరిగే బరువు చక్రం ఊపందుకోగానే, అప్పటిదాకా గాలి నొక్కుకోకుండా పట్టి ఉంచిన మీటను మామ వదిలాడు. డుబ్బుమని ఒక దెబ్బ, ఆగి ఇంకొకటి, ఆ తర్వాత ఆగలేదు. పొగగొట్టంలోంచి నల్లటి పొగ, మల్లెపూల వాసనతో. జర్మనీలో దాన్ని తయారుచేసిన వాళ్ళు ఆ వాసన ఊహించి ఉండరు. క్లచ్చు పట్టింది, చెయిన్లు బిగిశాయి, చక్రాలు నిమ్మకాయల మీదుగా దొర్లాయి. రసం మేనేజరు బూట్ల మీద చిందింది.

“ఉంచేద్దాం లెండి,” అన్నాడాయన, బూట్లు చూసుకుంటూ. “డ్రైవర్ని కూడా.”

మర్నాడు ఆఫీసరు కొత్త ఏర్పాటు చేశాడు. గేటు దగ్గర ఒక అగర్‌బత్తి ప్యాకెట్టు. రోజూ మూడు పుల్లలు నా చేతికే, వెలిగించేది ఆయన ముందే. బండికి బీడీ అవసరం లేదని ఊరంతా చూసింది కాబట్టి మామ కట్ట ఇక ఎప్పటికీ గేటు దాటదు.

నెల తిరక్కుండా మామ నా దగ్గరికొచ్చాడు, కొంచెం గుసగుసగా.

“సారు, గా అగర్‌బత్తి బండికి పడ్తలేదు. పొద్దున మస్తు దగ్గుతున్నది. మల్ల బీడీలే గావాలని జర రాయుండ్రి.”

ఇంజనీరును కదా, పరిశీలించకుండా రాయలేను. మర్నాడు పొద్దున్నే షెడ్డు వెనక నిలబడి విన్నాను. విచారకరమైన సంగతేమిటంటే, ఇద్దరిలో ఎవరూ దగ్గడం లేదు.